పీణ్యలో నా షెడ్డు, ఒక కాలేజీ, ఒక సర్కారీ ఫైలు: 422 రోజుల నా అనుభవం

2025 అక్టోబర్ 17న, దీపావళికి మూడు రోజుల ముందు, నా కరెంట్ అకౌంట్లో 1,44,000 రూపాయలు పడ్డాయి. మెసేజ్ చూసి మా ఆవిడకు ఫోన్ చేస్తే "ఏ డబ్బులవి?" అంది. మా లెక్కలన్నీ రాసేది తనే. తనే మర్చిపోయేంత ఆలస్యమైందన్నమాట.

కాలేజీ, ప్రభుత్వం, నాలాంటి చిన్న యూనిట్ కలిసి ఒక సమస్య మీద పనిచేసే పథకం కింద వచ్చిన డబ్బు అది. సగం ఖర్చు ప్రభుత్వానిది, సగం మనది, పని కాలేజీది. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మన తెలుగువాళ్లు నలుగురైదుగురు "చేరొచ్చా అన్నా?" అని అడుగుతున్నారు. ఫోన్లో అందరికీ అదే కథ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. కాలేజీ పేరు, ఆఫీసు పేరు రాయను. వాళ్లతో నాకు ఇంకా పనులున్నాయి.

మాది హిందూపురం దగ్గర పల్లె. పీణ్య రెండో స్టేజ్‌లో అద్దె షెడ్డు, కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక గ్రైండింగ్ మెషీన్, పదకొండు మంది మనుషులు. గేర్‌బాక్స్ షాఫ్టులు జాబ్‌వర్క్ చేస్తాం, అంటే మెటీరియల్ కస్టమర్‌ది, పని మాది. 2024 జూన్‌లో 400 షాఫ్టుల లాట్ పంపితే 63 తిరిగొచ్చాయి. గ్రైండింగ్ చేసిన చోట పగుళ్లు. మామూలుగా చూస్తే ఏమీ ఉండదు, వేలితో రాసినా తెలియదు. కస్టమర్ దగ్గర షాఫ్టుకు అయస్కాంతం పట్టించి, మెరిసే పొడి కలిపిన నూనె పోసి, చీకటి గదిలో యూవీ లైటు కింద తిప్పుతారు. అప్పుడు ఆకుపచ్చగా సన్నటి గీతలు లేస్తాయి. ఆ గదిలో నిలబడి నా షాఫ్టు మీద ఆ గీతలు చూసినప్పుడు కడుపులో తిప్పింది. నా బిల్లులో కోసుకుంటూ వాళ్లు పంపిన డెబిట్ నోట్ 1,12,000 రూపాయలు.

షాఫ్టుల్ని కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ అతన్ని అడిగితే "మీ గ్రైండింగే సార్" అన్నాడు. గ్రైండింగ్ వీల్ అమ్మేవాణ్ని అడిగితే "హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా లేదు" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. జూలై లాట్‌లో 48 పోయాయి.

ఆగస్టు 9న పరిశ్రమల సంఘం హాల్లో మీటింగుంటే వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు మధ్యాహ్నం కరెంటు లేదు, షెడ్డులో పనిలేదు. ప్రభుత్వ అధికారి ఒకాయన, కాలేజీ నుంచి ఒక ప్రొఫెసర్ మేడమ్ మాట్లాడారు. "ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి" అని స్లైడ్ల మీద చాలాసార్లు పడింది. ఎదుట కూర్చున్నవాళ్లలో సగం మంది వాట్సాప్ చూసుకుంటున్నారు. కానీ మేడమ్ చెప్పిన ఒక సంగతి నన్ను పట్టుకుంది. రోజూ నేను గ్రీన్ లైన్ మెట్రోలో శాండల్ సోప్ ఫ్యాక్టరీ స్టేషన్ దాటుకునే వస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే మైసూరు చందనం చెక్క విదేశాలకు వెళ్లడం ఆగిపోయి ఇక్కడే గుట్టలు పడిందట. అప్పుడు 1916లో దాన్నుంచి ఇక్కడే నూనె తీయడానికి ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు సాయం చేశారు, పెట్టుబడి మైసూరు సర్కారు పెట్టింది. ఆ ఐఐఎస్సీ కూడా 1909లో అలాగే పుట్టిందే. జంషెట్జీ టాటా ఇచ్చిన ఆస్తి, మైసూరు సంస్థానం ఇచ్చిన సుమారు 370 ఎకరాలు. బెంగళూరు పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. ఇన్నేళ్లు ఆ స్టేషన్ పేరు వింటూ ఒక్కసారీ ఆలోచించలేదు. మీటింగు అయ్యాక కాఫీ దగ్గర మేడమ్ కార్డు తీసుకున్నాను.

ఆగస్టు 21న కాలేజీకి వెళ్లాను. 422 రోజుల లెక్క అక్కణ్నుంచే. రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాక పిలుపొచ్చింది. పగిలిన షాఫ్టులు రెండు బల్ల మీద పెట్టాను. మేడమ్ వాటిని చూడకుండా "బాగున్నవి ఎన్ని తెచ్చారు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పగలనివి కూడా కావాలి. ఏది ఏ షిఫ్టులో చేశారో రాసి తీసుకురండి." మూడు నెలలుగా అందరూ పగిలినవే చూశారు, మంచివి ఎవరూ అడగలేదు. ఇంటికొస్తూ మెట్రోలో అదే ఆలోచన.

కాలేజీ కొటేషన్ 4,80,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 86,400. ఇక్కడ మొదటి ఆశ్చర్యం: ప్రభుత్వం ఇచ్చే సగం 4,80,000లో సగమే. జీఎస్టీకి పైసా రాదు. "ఇన్‌పుట్ తీసుకోవచ్చులెండి" అన్నాడు మా ఆడిటర్, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చని. తీసుకున్నాం కూడా. కానీ ముందు చేతి నుంచి కట్టాలిగా.

తర్వాత ఒప్పందం కాగితం. సెప్టెంబర్ 2న ఏడు పేజీల డ్రాఫ్ట్ వచ్చింది, నవంబర్ 18న సంతకాలయ్యాయి. పదకొండు వారాలు. నాకు అందులో అర్థమైన పేజీలు రెండు. ఒకచోట "ఫలితాలపై హక్కు కాలేజీది" అని ఉంది. నా మెషీన్ మీద నా డబ్బుతో కనిపెట్టింది నాకు కాకుండా పోతుందా అని భయం వేసింది. మా బావమరిది లాయరు. వాడు చదివి "పేపర్లో అచ్చు వేసుకునే హక్కు వాళ్లకివ్వు, వాడుకునే హక్కు నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. ఆ ఒక్క వాక్యం మార్చడానికి కాలేజీ లీగల్ సెల్‌లో నాలుగు వారాలు పట్టింది. ఇంకో చిక్కు, డ్రాయింగ్ నాది కాదు, కస్టమర్‌ది. వాళ్ల అనుమతి లేకుండా కాలేజీకి చూపించకూడదు. కస్టమర్ క్వాలిటీ హెడ్ పార్ట్ నంబర్ కొట్టేసిన డ్రాయింగ్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. దానికి మూడు వారాలు. చేరదామనుకునేవాళ్లు ముందు ఈ అనుమతి తెచ్చుకుని తర్వాత కాలేజీ మెట్లెక్కండి.

నవంబర్ 25న అప్లికేషన్ ఆన్‌లైన్లో పెట్టి, మూడు సెట్ల ప్రింట్లు ఆఫీసులో ఇచ్చాను. ఆన్‌లైన్లో పెట్టాక మళ్లీ ప్రింట్లెందుకని అడగలేదు. అడిగి సాధించినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆఫీసు ఉత్తరాలన్నీ కన్నడంలో వస్తాయి. మనకు అదేం ఇబ్బంది కాదు, తలకట్టు తేడాలు అలవాటైతే తెలుగు వచ్చినవాడు కన్నడం చదివేయొచ్చు. కానీ ఆఫీసు కన్నడం మాట్లాడే కన్నడం కాదు. మా ఫోర్‌మన్ తుమకూరు మనిషి, అతనికే కొన్ని మాటలు తెలియలేదు.

డిసెంబర్ 12న క్వెరీ వచ్చింది. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంది, అద్దె ఒప్పందం నా పేరు మీద ఉంది, రెండూ ఒకే షెడ్డువని రుజువు చూపించాలి. సీఏ సర్టిఫికెట్ కావాలి. ఫారంలో "కొత్తగా వచ్చే ఉద్యోగాలు" అనే గడి ఖాళీగా ఉంది. పగుళ్లు తగ్గితే ఉద్యోగాలెలా పెరుగుతాయో తెలియక 2 అని వేశాను.

2025 జనవరి 17న తనిఖీకి అధికారి వచ్చారు. టెన్షన్‌తో ముందు రోజు షెడ్డంతా కడిగించాను. ఆయన నేల చూడలేదు. గ్రైండర్ పక్కన ఐదు నిమిషాలు నిలబడి, "ఈ 2 అనేది ఎవరు చెప్పారు?" అన్నారు.

"నేనే వేశాను సార్."

"రాసినందుకు ఇద్దర్ని చూపించాలి. ఒకరు చాలు. మార్చి ఇవ్వండి." నవ్వి ఫారం వెనక్కిచ్చారు. ఆయనకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. ఎందుకో కిందకు వస్తే తెలుస్తుంది.

ఫిబ్రవరిలో కమిటీ కూర్చుంది, మార్చి 6న మంజూరు ఉత్తరం వచ్చింది. 2,40,000 రెండు విడతల్లో: ముందు 96,000, పని ముగిశాక 1,44,000. షరతు ఏమిటంటే ముందు నా వాటా, జీఎస్టీతో సహా 3,26,400, కాలేజీ అకౌంట్లో పడాలి. నా దగ్గర లేదు. మా ఆవిడ ఐదు లక్షల చీటీ వేస్తోంది, పిల్లవాడి కాలేజీ ఫీజు కోసం. 70 వేలు తగ్గించి పాడుకున్నాం. ఆ 70 వేలు ఏ ప్రాజెక్టు లెక్కలోనూ కనబడదు. ఆ రాత్రి తను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ కష్టంగా ఉంటుంది, పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మార్చి 24న కట్టాను. మార్చి 31లోపు మొదటి విడత వచ్చేస్తుందన్నారు. 2025లో ఉగాది మార్చి 30 ఆదివారం, రంజాన్ 31 సోమవారం. 28న శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో నిలబడి ఉన్నాను. బిల్లు పైకి వెళ్లింది, వెనక్కి రాలేదు. ఏడాది ముగిసింది, డబ్బు మురిగిపోయింది, కొత్త బడ్జెట్‌లో మళ్లీ ఫైలు. ఉగాది పచ్చడి ఆ రోజు నాకు ఒక్క రుచిలోనే తగిలింది.

ఇదంతా ఇలా నడుస్తుండగానే అసలు పని మొదలైపోయింది. మంజూరు కోసం మేడమ్ ఆగలేదు. "పిల్లల ఎనిమిదో సెమిస్టర్ ఫిబ్రవరిలో మొదలై మేలో అయిపోతుంది. మీ ఫైలు కోసం సెమిస్టర్ ఆగదు" అని ఫిబ్రవరి 10న ఇద్దరు ఫైనలియర్ విద్యార్థుల్ని పంపించారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పంపే ముందు ఫోన్లో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "మీ దగ్గర ఆడవాళ్లకు వేరే టాయిలెట్ ఉందా?"

లేదు. పదకొండు మందీ మగవాళ్లే, ఎవరికీ తట్టలేదు. స్టోర్ రూమ్ మూల గోడ కట్టించి, నీళ్ల పైపు లాగించి, తలుపుకు గడియ పెట్టించేసరికి 22,000 అయింది. ఇద్దరికీ సేఫ్టీ షూస్ 2,600. కాలేజీ అడిగిన ప్రమాద బీమా 1,180.

ఆ అమ్మాయి మన పెనుకొండ వైపు పిల్ల. మొదటి రోజు ఇంగ్లిష్‌లో "సార్" అంది, నేను ఇంట్లో ఫోన్ మాట్లాడటం విని రెండో రోజు నుంచి "అంకుల్". గ్రైండర్ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఒక నోటు పుస్తకంలో రాసేది: ఎన్నో షాఫ్టు, టైమెంత, వీల్‌కు డ్రెస్సింగ్ (మొద్దుబారిన వీల్ పైపొర గీకి పదును తేవడం) ఎప్పుడు చేశారు. మూడు వారాలు అదే పని. మా ఆపరేటర్ నా దగ్గరకొచ్చి "ఏమన్నా, నా మీద నిఘా పెట్టావా?" అన్నాడు. అతనికి సర్దిచెప్పడానికి ఒక సాయంత్రం బిర్యానీ ఖర్చయింది.

మధ్యలో షాఫ్టుల్ని ముక్కలు కోసి కాలేజీకి తీసుకెళ్లారు. 24 షాఫ్టులు, ఒక్కొక్కటి 780 చొప్పున కస్టమర్‌కు మెటీరియల్ ఖర్చు నేనే కట్టుకున్నాను. మార్చి రెండో వారంలో మేడమ్ ల్యాబ్‌కు పిలిచారు. నైట్రిక్ యాసిడ్ కొద్దిగా కలిపిన ఆల్కహాల్లో ముక్కను ముంచి తీసి కడిగితే, ఒకటి అంతా ఒకే బూడిద రంగు. ఇంకొకటి మచ్చలు మచ్చలుగా నల్లబడింది, పెనం మీద మాడిన దోసెలాగా. "ఇవి కాలిన మచ్చలు. గ్రైండింగ్ వేడికి పైపొర మెత్తబడింది. పగుళ్లు ఇక్కడే మొదలవుతాయి" అన్నారు. మరి హీట్ ట్రీట్‌మెంట్? లోపల కాఠిన్యం కొలిచారు, సరిగ్గానే ఉంది. ఆ సాయంత్రమే హీట్ ట్రీట్‌మెంట్ అతనికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

నోటు పుస్తకం మిగతా కథ చెప్పింది. డ్రెస్సింగ్ చేశాక మొదటి పన్నెండు షాఫ్టులు శుభ్రంగా ఉన్నాయి. ఇరవై దాటితే మచ్చలు మొదలు. పగటి షిఫ్టులో పదిహేనుకోసారి డ్రెస్సింగ్ చేస్తున్నారు, సెకండ్ షిఫ్టులో నలభైకోసారి. ఎందుకు? నా వల్లే. 2024 ఏప్రిల్‌లో నేనొక బోనస్ పెట్టాను: షిఫ్టుకు 120 దాటితే ప్రతి షాఫ్టుకు ఇంత అని. డ్రెస్సింగ్‌కు మెషీన్ ఆపితే బోనస్ పోతుంది. వీల్ మొద్దుబారినా అలాగే లాగించారు. కుర్రాళ్లను ఏమనగలను? రూలు పెట్టిన మనిషిని నేనే.

రెండో సంగతి ఆ అమ్మాయే పట్టుకుంది. ఒకరోజు సెకండ్ షిఫ్టు దాకా ఉండి, "అంకుల్, ఈ నాజిల్ పొద్దున ఇలా లేదు" అంది. వీల్, షాఫ్టు తగిలే చోట నాజిల్ నుంచి కూలెంట్, అంటే చల్లబరిచే నీళ్లు, పడాలి. నాజిల్ రెండు వేళ్లు కిందకు వంగి, నీళ్లన్నీ షాఫ్టు కింద నుంచి ట్రేలోకి పోతున్నాయి. ఎలా వంగింది? హెల్పర్ చేతులు తుడుచుకుని తడి వేస్ట్ గుడ్డ ఆ నాజిల్ మీద ఆరేస్తున్నాడు. షిఫ్టులో పది సార్లు తీయడం, పది సార్లు వేయడం. రెండేళ్లుగా నా కళ్ల ముందే ఆ గుడ్డ అక్కడ వేలాడుతోంది.

నాజిల్‌కు గట్టి బ్రాకెట్ వెల్డింగ్ చేయించాం. పన్నెండుకోసారి డ్రెస్సింగ్, ఒక గ్రేడు మెత్తటి వీల్. బోనస్ తీసేసి, రిజెక్షన్ లేని నెలకు ఇస్తానన్నాను. ఏప్రిల్ లాట్‌లో 9 పోయాయి. మేలో 3.

ఆ సంతోషం కస్టమర్ దగ్గర చెబితే, వీల్ గ్రేడు ముందే చెప్పకుండా మార్చినందుకు ఒక నోటీసు ఇచ్చి, ఆరు వారాలు ప్రతి షాఫ్టూ వంద శాతం తనిఖీ నా ఖర్చుతో అన్నారు. సరే.

మళ్లీ డబ్బు సంగతికి వస్తాను. మొదటి విడత రాలేదు కాబట్టి ఏప్రిల్‌లో ఆ 96,000 కూడా నేనే కాలేజీకి కట్టాను. రిపోర్టు మీద సంతకం కావాలంటే పూర్తి డబ్బు పడాలన్నారు, జూన్‌లో 1,44,000 కూడా కట్టాను. అంటే "సగం ప్రభుత్వానిది" అనే పథకంలో జూన్ ఆఖరుకు మొత్తం 5,66,400 నా జేబులోంచే పోయింది. జూలై 3న 96,000 వచ్చింది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే చీటీ ఇంకో రెండు నెలలు ఆగి, తక్కువ నష్టానికి పాడేవాళ్లం. మీరు చేరితే పూర్తి మొత్తం ఏడాది పాటు బయట ఉంటుందని లెక్క వేసుకుని చేరండి.

జూలై 14న రిపోర్టు, వినియోగ పత్రం పట్టుకుని ఆఫీసుకు వెళితే కొత్త చిక్కు. ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) పరిమితులు పెంచింది. సూక్ష్మ (మైక్రో) యూనిట్‌కు పెట్టుబడి పరిమితి కోటి నుంచి రెండున్నర కోట్లకు, టర్నోవర్ ఐదు కోట్ల నుంచి పది కోట్లకు వెళ్లింది. దాంతో మంజూరు ఉత్తరంలో "స్మాల్" అని ఉన్న నేను, తాజా ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌లో "మైక్రో" అయ్యాను. ఇద్దరూ ఒకరేనా అని క్లర్కు సందేహం. నేను చిక్కిపోలేదు, గీత పైకి జరిగింది అని రాసి ఇవ్వడానికి, అది సరేననడానికి మూడు వారాలు.

తర్వాత ఉద్యోగాల గడి. ఒకరిని చూపించాలి. కస్టమర్ పెట్టిన వంద శాతం తనిఖీకి నేను ఒక కుర్రాణ్ని పెట్టుకోవాల్సి వచ్చింది కదా, అతని పీఎఫ్ నంబర్ ఇచ్చాను. 2 అని ఉంచేసి ఉంటే ఫైలు ఇంకా అక్కడే ఉండేది.

పై ఖర్చులు 51 వేలు తేలాయి, ఆటోలు, జిరాక్సులు కాక: కోసిన షాఫ్టులు, టాయిలెట్, షూస్, బీమా, సీఏకు 6,000, స్టాంపు పేపర్ 500. ఆఫీసుకు తొమ్మిదిసార్లు, కాలేజీకి పద్నాలుగుసార్లు వెళ్లాను. నెలకు యాభై షాఫ్టులు పోవడం ఆగింది కాబట్టి పెట్టిందంతా ఎప్పుడో తిరిగొచ్చేసింది. ఆ లెక్క మా ఆవిడకు కాగితం మీద వేసి చూపించాను. చూసి, "చీటీలో పోయిన 70 వేలు ఇందులో ఎక్కడుంది?" అంది.

ఆ అమ్మాయికి జూన్‌లో హోసూరులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో నాజిల్ కథే చెప్పిందట. మేడమ్ పేపర్ రాస్తున్నారు, కస్టమర్ మాట ప్రకారం ఫోటోల్లో షాఫ్టు ఆకారం తెలియకూడదు కాబట్టి నల్ల మచ్చల ఫోటోలు మాత్రమే వేస్తారట.

పోయిన వారం ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ప్రాజెక్టు వల్ల బాగుపడిన మెషీన్ ఫోటో కావాలి, లొకేషన్, తేదీ పడాలి, పక్కన పథకం బోర్డు కనబడాలి. బోర్డు రాయించి, సెకండ్ షిఫ్టు మొదలవగానే నేనే ఫోన్లో తీసి, పంపే ముందు ఒకసారి చూడమని మా ఆవిడకు ఇచ్చాను. తను వేళ్లతో ఫోటో పెద్దది చేసి, "ఈ గుడ్డేంటి ఇక్కడ?" అంది. కొత్త బ్రాకెట్ మీద, చక్కగా మడిచి ఆరేసి ఉంది.